మంట సెకనుకి 40 సెంటీమీటర్లే నడిస్తే బండి 6000 ఆర్‌పీఎం ఎలా తిరుగుతుంది? టర్బులెంట్ ఫ్లేమ్ స్పీడ్ లెక్క మొదటి నుంచీ

పెట్రోల్ ఆవిరి, గాలి సరిపాళ్లలో కలిపి, ఏ కదలికా లేకుండా ఉంచి నిప్పంటిస్తే మంట తన ముందున్న మిశ్రమాన్ని తినుకుంటూ పోయే వేగం సెకనుకి సుమారు 35 సెంటీమీటర్లు, మహా అయితే 40. అప్పుడే నడక నేర్చిన పిల్లాడు కూడా దాన్ని దాటేస్తాడు. అదే పెట్రోల్, అదే గాలి, 100 సీసీ బండి సిలిండర్లో సెకనుకి వంద చుట్లు తిప్పుతున్నాయి. ఎక్కడో ఏదో తేడా ఉంది కదా, ఆ తేడా పేరే టర్బులెన్స్. దీని గురించి "అల్లకల్లోలం వల్ల మంట వేగం పెరుగును" అని ఒక్క లైన్ రాసి వదిలేసే నోట్సులు చాలా చూశాను, ఎంత పెరుగును అనేది మాత్రం ఎవరూ చెయ్యరు. అందుకని ఇక్కడ ఒక బండి ఇంజిన్ తీసుకుని లెక్క మొత్తం చేసి చూపిస్తాను, కాలిక్యులేటర్ పక్కన పెట్టుకోండి, స్క్వేర్ రూట్ బటన్ ఉంటే చాలా వరకు సరిపోతుంది.

ఒక మాట ముందే. ఇదంతా ప్రీమిక్స్‌డ్ మంటకే, అంటే ఇంధనం గాలి ముందే కలిసిపోయి ఉన్నప్పుడు. కొవ్వొత్తికీ, డీజిల్ ఇంజిన్‌కీ ఇది వర్తించదు, అక్కడ కలవడమే ఆలస్యం కాబట్టి కథ వేరే.

ముందు వంటింట్లోకి పదండి

గ్యాస్ స్టవ్ సిమ్‌లో కాకుండా కాస్త పెద్దగా పెట్టి, లైట్ ఆపి, బర్నర్ చిల్లుల దగ్గర చూడండి. ప్రతి చిల్లు మీదా చిన్న నీలం మొగ్గలాగా ఒకటి నిలబడి ఉంటుంది, దాని చుట్టూ పల్చటి నీలం వేరే. ఆ లోపలి మొగ్గే మనకి కావాల్సింది. గ్యాస్ పైకి తోసుకొస్తోంది, మంట కిందకి తినుకుంటూ వద్దామని చూస్తోంది, రెండూ సమానమైన చోట ఆ మొగ్గ ఆకారం నిలబడింది. గ్యాస్ పెంచితే మొగ్గ పొడుగవుతుంది, ఎందుకంటే వచ్చే సరుకు ఎక్కువైంది, తినే వేగం మారలేదు, కాబట్టి తినే పొర వైశాల్యం పెరగాలి. ఈ ఒక్క వాక్యం గుర్తుంచుకుంటే మిగతా అంతా దీంట్లోంచే వస్తుంది.

బన్సెన్ బర్నర్‌తో మంట వేగం కొలిచే పాత పద్ధతి కూడా ఇదే, గూయ్ అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త 1879లో చేసింది. సెకనుకి ఎంత మిశ్రమం వస్తోందో దాన్ని కోన్ వైశాల్యంతో భాగిస్తే మంట వేగం వచ్చేస్తుంది. లేదా కోణంతో చేయొచ్చు. గొట్టంలో మిశ్రమం సెకనుకి 1.2 మీటర్లతో వస్తూ, కోన్ సగం కోణం 18 డిగ్రీలు ఉంటే, 1.2 ని సైన్ 18తో గుణిస్తే 0.37 మీటర్లు. మీథేన్ గాలి మంటకి దాదాపు అదే నంబర్.

ఇప్పుడు ఆ ప్రవాహాన్నే ఇంకా ఇంకా పెంచి గొట్టంలో సుడులు పుట్టేలా చేశారనుకోండి (మంట ఎగిరిపోకుండా చుట్టూ చిన్న పైలట్ మంట ఉండాలి), ఆ నున్నటి కోన్ కాస్తా వణుకుతూ బ్రష్ కుచ్చులా మసకగా కనిపిస్తుంది. కంటికి మసకే గానీ ఒక్క క్షణాన్ని హైస్పీడ్ కెమెరాతో పడితే లోపల అదే పల్చటి పొర ముడతలు ముడతలుగా ఉంటుంది. ఐదున్నర మీటర్ల చీర కుచ్చిళ్లు పెడితే నడుం దగ్గర జానెడు జాగాలో సర్దుకుంటుంది చూడండి, అలాగన్నమాట. బయట నుంచి చూస్తే జాగా జానెడే, కానీ లోపల బట్ట మీటర్లకి మీటర్లు. మంట పొరలో ప్రతి చిన్న ముక్కా పాత వేగంతోనే తింటోంది, తినే పొర మాత్రం ఐదారింతలు అయింది, కాబట్టి మొత్తం మీద ఐదారింతల వేగం.

ఇది 1940లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త గెర్హార్డ్ డామ్‌కోలర్ చెప్పిన విషయం, ఇప్పటికీ ఈ సబ్జెక్ట్ మొత్తం దాని మీదే నడుస్తోంది. ఆయన రెండు రకాలు చెప్పాడు. సుడులు మంట పొర మందం కన్నా పెద్దవైతే పొరని ముడతలు పెడతాయి, అప్పుడు వేగం పెరుగుదల సుడుల ఊపుకి తగ్గట్టు ఉంటుంది. సుడులు మందం కన్నా చిన్నవైతే పొర లోపలికే దూరిపోయి వేడిని, అణువుల్ని గబగబా కలిపేస్తాయి, అప్పుడు వేగం ఆ కలిపే గుణం స్క్వేర్ రూట్ లెక్కన పెరుగుతుంది. మన ఇంజిన్ ఈ రెండిట్లో ఏ రకమో తేల్చుకోకుండా ఫార్ములా పట్టుకుంటే తప్పుడు ఆన్సర్ వస్తుంది.

1వ మెట్టు: కదలిక లేని మంట వేగం

దీన్ని లామినార్ బర్నింగ్ వెలాసిటీ అంటారు, ఎస్ఎల్ అని రాసుకుందాం. మామూలు గది వేడి, మామూలు గాలి ఒత్తిడి దగ్గర మీథేన్‌కి సెకనుకి 36, 38 సెంటీమీటర్లు, ప్రొపేన్‌కి 40 చుట్టుపక్కల, అమ్మోనియాకి 7 మాత్రమే, హైడ్రోజన్‌కి సరిపాళ్లలో 2 మీటర్ల పైన. పెట్రోల్‌కి 35 తీసుకుందాం.

కానీ సిలిండర్లో గది వేడి లేదు. స్పార్క్ తర్వాత పిస్టన్ పైకొచ్చేసరికి సుమారు 15 బార్ ఒత్తిడి (మామూలు గాలికి దాదాపు 15 రెట్లు), 680 కెల్విన్ వేడి (గది వేడి 298 కెల్విన్) ఉంటుంది. మెట్ఘల్చి, కెక్ అనే ఇద్దరు పరిశోధకులు ఇచ్చిన సవరణ వాడదాం: వేడి నిష్పత్తిని 2.18 పవర్‌కి, ఒత్తిడి నిష్పత్తిని మైనస్ 0.16 పవర్‌కి ఎత్తాలి. 680 ÷ 298 = 2.28, దాన్ని 2.18 పవర్‌కి ఎత్తితే 6.04. 15 ని మైనస్ 0.16కి ఎత్తితే 0.65. అంటే 0.35 × 6.04 × 0.65 = సుమారు 1.37 మీ/సె. చూశారా, వేడి ఆరింతలు చేసింది, ఒత్తిడి మూడో వంతు కోసేసింది. ఇంకా ముందు సైకిల్‌లో కాలిన పొగ కొంత లోపలే మిగిలిపోతుంది కదా, అది మంటకి నీళ్లు చల్లినట్టే, 6 శాతం మిగిలితే వేగం దాదాపు పావు వంతు పోతుంది. సో చివరికి 1 మీ/సె. గుండ్రటి నంబర్ వచ్చింది, హాయి.

2వ మెట్టు: పొర మందం (ఇక్కడ నేను చేతులు కాల్చుకున్నాను)

మందం = వేడి వ్యాపించే గుణం ÷ ఎస్ఎల్. 680 కెల్విన్, 15 బార్ దగ్గర గాలికి ఆ గుణం సెకనుకి సుమారు 6.2 చదరపు మిల్లీమీటర్లు. 1 మీ/సె అంటే 1000 మి.మీ., భాగిస్తే 0.0062 మి.మీ., అంటే 6.2 మైక్రాన్లు. మన తల వెంట్రుకలో పదో వంతు.

ఇప్పుడు జాగ్రత్తగా వినండి. మంట మందానికి ఇంకో నిర్వచనం ఉంది, వేడి ఎంత నిట్టనిలువుగా పెరుగుతోందో చూసి కొలిచేది, థర్మల్ థిక్‌నెస్ అంటారు, అది దీనికి ఐదారు రెట్లు ఉంటుంది. రెండూ కరెక్టే, కానీ ఫార్ములాలు ఏదో ఒకదాని కోసమే రాసి ఉంటాయి. నేను చదువుకునే రోజుల్లో ఒక రిపోర్ట్‌లో సాఫ్ట్‌వేర్ ఇచ్చిన థర్మల్ థిక్‌నెస్ తీసుకొచ్చి ఈ పాత ఫార్ములాలో పెట్టేశాను. కింద వచ్చే కార్లోవిట్జ్ నంబర్‌ని (సుడులు మంటలోకి దూరతాయా లేదా చెప్పేది) మందాన్ని అతి చిన్న సుడి సైజుతో భాగించి స్క్వేర్ చేసే రూపంలో కట్టాను కాబట్టి ఆరు రెట్ల తప్పు ముప్పై ఆరు రెట్లయి కూర్చుంది, నేను ధైర్యంగా "సుడులు మంట లోపలికి బాగా దూరిపోతున్నాయి" అని రెండు పేజీలు రాసిపడేశాను. గైడ్ ఏమీ అనలేదు, మందం పక్కన ప్రశ్నార్థకం పెట్టి తిరిగి ఇచ్చాడు. ఆ ప్రశ్నార్థకం అర్థమవడానికి నాకు వారం పట్టింది.

3వ మెట్టు: సుడుల ఊపు, సుడుల సైజు

ఊపు అంటే సగటు వేగం కాదు. బస్సు ఎంత స్పీడులో పోతోందన్నది వేరు, లోపల నిలబడ్డవాళ్లు అటూ ఇటూ ఎంత ఊగుతున్నారన్నది వేరు, మనకి కావాల్సింది ఆ ఊగుడు. వేగం సగటు నుంచి ఎంత తప్పుతోందో దాని ఆర్ఎంఎస్ (స్క్వేర్ల సగటుకి స్క్వేర్ రూట్), దీన్ని యు ప్రైమ్ అంటారు. సీఎఫ్‌డీ (ప్రవాహాన్ని కంప్యూటర్‌తో లెక్కించడం) చేసేవాళ్లు కే విలువలో, అంటే సుడుల గతిశక్తిలో, మూడింట రెండొంతులు తీసుకుని స్క్వేర్ రూట్ కొడితే ఇదే వస్తుంది.

సీఎఫ్‌డీ లేదా? ఇంజిన్‌కి ఒక మోటు లెక్క ఉంది, బాగానే పనిచేస్తుంది: పిస్టన్ పైకొచ్చిన దగ్గర యు ప్రైమ్ సుమారుగా సగటు పిస్టన్ వేగంలో సగం. మన బండి బోర్ 50 మి.మీ., స్ట్రోక్ 50 మి.మీ. అనుకుందాం, 98 సీసీ వస్తుంది. 6000 ఆర్‌పీఎం అంటే సెకనుకి 100 చుట్లు, ఒక్కో చుట్టులో పిస్టన్ పైకీ కిందకీ కలిపి 0.1 మీటరు, సో 10 మీ/సె. సగం అంటే యు ప్రైమ్ 5 మీ/సె.

సుడి సైజు పిస్టన్‌కీ హెడ్‌కీ మధ్య మిగిలిన సందు బట్టి ఉంటుంది. కంప్రెషన్ రేషియో 10 అయితే మిగిలే జాగా 10.9 సీసీ, బోర్ వైశాల్యంతో భాగిస్తే సగటు సందు 5.6 మి.మీ., అందులో ఐదో వంతు పెద్ద సుడి సైజు, సుమారు 1 మి.మీ. అనుకుందాం. సిలిండర్ లోపల మంటని ముడతలు పెట్టేది ఆవగింజ సైజు సుళ్లు!

4వ మెట్టు: ఇది ఏ రకం మంట

రెండు నిష్పత్తులు చాలు. ఊపు ÷ ఎస్ఎల్ = 5 ÷ 1 = 5. సుడి సైజు ÷ మందం = 1 మి.మీ. ÷ 0.0062 = సుమారు 160. వీటితో మూడు నంబర్లు కట్టేయొచ్చు.

రెండూ గుణిస్తే రేనాల్డ్స్ నంబర్ (సుడుల జోరు ఎంతో చెప్పేది), 5 × 160 = 800. రెండోదాన్ని మొదటిదాంతో భాగిస్తే డామ్‌కోలర్ నంబర్, 160 ÷ 5 = 32, అంటే పెద్ద సుడి ఒకసారి తిరిగేలోపు మంట తన మందాన్ని 32 సార్లు దాటగలదు, కెమిస్ట్రీ చురుగ్గానే ఉంది అని అర్థం. మూడోది కార్లోవిట్జ్: 5 ని దాని స్క్వేర్ రూట్‌తో గుణిస్తే 11.2, దాన్ని 160 స్క్వేర్ రూట్‌తో, అంటే 12.65తో భాగిస్తే 0.88. ఇది అతి చిన్న సుడి (కోల్మొగొరోవ్ సుడి) మంట మందంతో పోలిస్తే ఎక్కడుందో చెబుతుంది. అన్నీ సరిగ్గా చేశారా లేదా అన్నదానికి చిన్న చెక్: డామ్‌కోలర్‌ని కార్లోవిట్జ్‌తో గుణించి స్క్వేర్ చేస్తే రేనాల్డ్స్ రావాలి. 32 × 0.88 = 28.2, స్క్వేర్ 793. వచ్చింది.

కార్లోవిట్జ్ 1 లోపు ఉంటే అతి చిన్న సుడి కూడా పొరలోకి దూరలేదు, ముడతలు మాత్రమే. 1 నుంచి 100 మధ్య అయితే సుడులు మంట ముందుభాగంలోకి, అంటే మిశ్రమం వేడెక్కే చోటికి దూరతాయి కానీ అసలు కాలే సన్నటి గర్భంలోకి పోలేవు, ఎందుకంటే ఆ గర్భం మొత్తం మందంలో సుమారు పదో వంతే, పది స్క్వేర్ వంద, అందుకే హద్దు వంద దగ్గర పెట్టారు. 100 దాటితే మంట చీలికలు పేలికలై అక్కడక్కడా ఆరిపోవచ్చు. మంటల్ని ఇలా రకాలుగా విడదీసే మ్యాప్‌ని బోర్గి అనే పరిశోధకుడు గీశాడు, పీటర్స్ అనే ఇంకొకాయన సరిదిద్దాడు. మన బండి 0.88, గీత మీదే నిలబడింది. కుచ్చిళ్ల కథ మనకి చెల్లుతుంది, కొంచెం లోపలికి చొరబాటు కూడా మొదలయ్యే చోటు.

5వ మెట్టు: అసలు ప్రశ్న, ఎస్‌టీ ఎంత?

టర్బులెంట్ మంట వేగం ఎస్‌టీ. దీనికి ఒకే ఒక్క ఫార్ములా లేదు, ఉందని ఎవరైనా చెబితే నమ్మకండి. నాలుగు రకాలుగా చేద్దాం, ఒక్కో లెక్కకీ దాన్ని కట్టినవాళ్ల పేరే.

డామ్‌కోలర్ మోటు లెక్క: ఎస్ఎల్ + యు ప్రైమ్ = 6 మీ/సె. ఇంతే, బస్సులో కూర్చుని నోటితో చేయొచ్చు.

జిమాంట్: 0.52 × యు ప్రైమ్ × డామ్‌కోలర్ నంబర్ నాలుగో మూలం. 32కి స్క్వేర్ రూట్ రెండుసార్లు కొట్టండి, 2.38. 0.52 × 5 × 2.38 = 6.2. సీఎఫ్‌డీ సాఫ్ట్‌వేర్లలో ఎక్కువగా కనిపించేది ఇదే.

గుల్డర్: ఎస్‌టీ ÷ ఎస్ఎల్ = 1 + 0.62 × (5 స్క్వేర్ రూట్) × (రేనాల్డ్స్ నాలుగో మూలం). 1 + 0.62 × 2.24 × 5.32 = 8.4 మీ/సె.

లీడ్స్ యూనివర్సిటీలో బ్రాడ్లీ బృందం నాలుగు ఫ్యాన్లు తిప్పే గుండ్రటి ఉక్కు పాత్రలో మంటలు పేల్చి పేల్చి కట్టిన లెక్క: ముందు కె (సుడులు మంటని ఎంత సాగదీస్తున్నాయో చెప్పేది, సీఎఫ్‌డీ కే వేరు) = 0.157 × (5 స్క్వేర్) ÷ (800 స్క్వేర్ రూట్) = 0.139, తర్వాత ఎస్‌టీ ÷ యు ప్రైమ్ = 0.88 × (కె × లూయిస్ నంబర్) మైనస్ 0.3 పవర్. లూయిస్ నంబర్ (దీని అర్థం 7వ మెట్టులో చెబుతాను) 1 అనుకుంటే 1.59, ఐదుతో గుణిస్తే 8 మీ/సె.

సో 6 నుంచి 8.4. "ఏంటిది, మూడో వంతు తేడానా" అని నొచ్చుకోకండి, ఈ ఫీల్డ్‌లో ఇది మంచి ఒప్పందమే. మసక మసకగా ఉన్న ఆ బ్రష్‌లో మంట "ఇక్కడుంది" అని ముందు అంచుని పట్టుకుంటారా మధ్యని పట్టుకుంటారా అన్నదాన్ని బట్టే నంబర్ మారిపోతుంది. ఎస్ఎల్ ఇంధనం గుణం, టేబుల్లో దొరుకుతుంది. ఎస్‌టీ అలా కాదు, అది ఇంధనం, సుడులు, పాత్ర, కొలిచిన పద్ధతి అన్నీ కలిపి పుట్టించిన నంబర్. ఎవరైనా "పెట్రోల్ టర్బులెంట్ ఫ్లేమ్ స్పీడ్ ఎంత" అని ఉత్తినే అడిగితే "ఏ ఇంజిన్లో, ఏ ఆర్‌పీఎం దగ్గర" అని తిరిగి అడగండి.

6వ మెట్టు: డిగ్రీల్లోకి మార్చి చూడండి

బండి రెండు వాల్వులది, ప్లగ్ పక్కకి ఉంటుంది కాబట్టి మంట దూరపు గోడ దాకా సుమారు 35 మి.మీ. పోవాలి అనుకుందాం. కాలిన గ్యాస్ వ్యాకోచించి మంటని వెనకనుంచి తోస్తుంది, మొదట్లో మూడున్నర రెట్ల పైన, గోడ దగ్గరికొచ్చేసరికి ఆ తోపుడు తగ్గిపోతుంది, సగటున 2.5 అని నా అంచనా. జిమాంట్ 6.2 తీసుకుంటే 15.5 మీ/సె, 35 మి.మీ.కి 2.26 మిల్లీసెకన్లు. 6000 దగ్గర ఒక మిల్లీసెకనుకి క్రాంక్ 36 డిగ్రీలు తిరుగుతుంది, సో 81 డిగ్రీలు. గుల్డర్ 8.4తో చేస్తే 60. ఇంజిన్లో జరిగేదానికి దగ్గరే.

టర్బులెన్స్ తీసేస్తే? ఎస్ఎల్ 1 × 2.5 = 2.5 మీ/సె, 14 మిల్లీసెకన్లు, 504 డిగ్రీలు. అంటే పూర్తి చుట్టు తిరిగి ఇంకో 144 డిగ్రీలు, ఎగ్జాస్ట్ వాల్వ్ ఎప్పుడో తెరుచుకుని మంట సైలెన్సర్లోంచి బయటకొచ్చేస్తుంది.

ఇది కాగితం మీది భయం కాదు, 1910లలోనే బ్రిటన్‌లో డ్యూగాల్డ్ క్లార్క్ పరీక్ష చేసి చూశాడు. సిలిండర్లోకి మిశ్రమం లాగి, వాల్వులు మూసి, స్పార్క్ ఇవ్వకుండా రెండు మూడుసార్లు నొక్కీ వదిలీ, సుడులు చల్లారాక అప్పుడు అంటించాడు. అదే మిశ్రమం, అదే ఇంజిన్, కానీ మంట చాలా నెమ్మదించింది.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. ఆర్‌పీఎం 3000కి తగ్గించండి. పిస్టన్ వేగం సగం, యు ప్రైమ్ 2.5, డామ్‌కోలర్ నంబర్ 64, దాని నాలుగో మూలం 2.83, ఎస్‌టీ = 0.52 × 2.5 × 2.83 = 3.7. మంట నెమ్మదించింది, 35 మి.మీ.కి 3.8 మిల్లీసెకన్లు. కానీ క్రాంక్ కూడా నెమ్మదే, మిల్లీసెకనుకి 18 డిగ్రీలు. 68 డిగ్రీలు! వేగం రెండింతలు చేస్తే మంటకి పట్టే డిగ్రీలు 68 నుంచి 81 అయ్యాయి అంతే, రెండింతలు అవ్వలేదు. ఇంజిన్ ఎంత తొందరపడితే మంటని అంత తొందరపెట్టే సుడులు తనే పుట్టించుకుంటోంది. ఆ మిగిలిన 13 డిగ్రీల కోసమే ఆర్‌పీఎం పెరిగే కొద్దీ స్పార్క్‌ని కాస్త ముందుకి జరుపుతారు, మెకానిక్ టైమింగ్ అడ్వాన్స్ అనేది ఇదే.

7వ మెట్టు: లెక్క ఎక్కడ బోల్తా కొడుతుంది

సుడులు ఎంత పెంచితే అంత వేగం అనుకోవద్దు. ఫ్యాన్ తిప్పే కొద్దీ ఎస్‌టీ మొదట గబగబా పెరుగుతుంది, తర్వాత వంగుతుంది, ఇంకా తిప్పితే మంట సాగి సాగి వేడి నిలుపుకోలేక ఆరిపోతుంది. కొవ్వొత్తి ఊదినట్టే అనుకోండి. ఎస్ఎల్ + యు ప్రైమ్ ఫార్ములాకి ఈ వంపు తెలియదు, అందుకే ఊపు ఎస్ఎల్‌కి పది రెట్లు దాటాక దాన్ని వాడకండి.

రెండోది లూయిస్ నంబర్, వేడి వ్యాపించే జోరుకీ ఇంధనం వ్యాపించే జోరుకీ నిష్పత్తి. ఇంధనం తక్కువ కలిపిన హైడ్రోజన్‌కి ఇది 0.35 దగ్గర, అలాంటి ప్రొపేన్‌కి 1.8. బ్రాడ్లీ ఫార్ములాలో పెట్టి చూడండి, హైడ్రోజన్‌కి వేగం 37 శాతం పెరుగుతుంది, ప్రొపేన్‌కి 16 శాతం తగ్గుతుంది, సుడులు మాత్రం అవే. ముడత ముందుకి పొడుచుకొచ్చిన చోట హైడ్రోజన్ అణువులు పరిగెత్తుకొచ్చి ఇంకా మండిస్తాయి, ముడత ఇంకా లోతవుతుంది. సహజవాయువు గ్యాస్ టర్బైన్లో హైడ్రోజన్ కలుపుదామంటే మంట బర్నర్లోకి వెనక్కి దూరుతుందని ఇంజినీర్లు భయపడటానికి ఇదీ ఒక కారణం.

మూడోది అసలు భయంకరమైంది, సుడుల్ని మంటే పుట్టించుకోవడం. కాలిన గ్యాస్ ముందున్న గాలిని తోస్తుంది, ఆ గాలి చెట్లు, పైపులు, స్తంభాల మధ్య దూరుతూ సుడులు పుట్టిస్తుంది, మంట అక్కడికి చేరి వేగం పెంచుకుని ఇంకా గట్టిగా తోస్తుంది, ఇంకా సుడులు. 2005 డిసెంబర్ 11న ఇంగ్లండ్‌లో బన్స్‌ఫీల్డ్ ఆయిల్ డిపోలో ట్యాంక్ పొంగి పెట్రోల్ ఆవిరి పొగమంచులా పరుచుకుని అంటుకుంది. ఖాళీ మైదానంలో అలాంటి మబ్బు భగ్గుమని కాలిపోవాలి, అంత పేలుడు ఎవరూ ఊహించలేదు. దర్యాప్తులో వేలు చూపింది డిపో పక్కన రోడ్డు వెంబడి దట్టంగా పెరిగిన చెట్లూ పొదల మీదకి. ఆ కొమ్మల మధ్య మంట వేగం పెంచుకుంటూ పెంచుకుంటూ పోయింది. అక్కడ మన 5వ మెట్టు ఫార్ములాలు ఒక్కటీ పనికిరావు, ఎందుకంటే యు ప్రైమ్ మనం ఇచ్చే నంబర్ కాదు, మంట రాసుకునే నంబర్.

మీరు వేరే ఇంధనంతో చెయ్యాలంటే 1, 2 మెట్లు మార్చి మిగతాది అలాగే ఉంచండి. అదే బండిలో అమ్మోనియా పెట్టి చూస్తే, వేడికీ ఒత్తిడికీ పెట్రోల్ సవరణలే మోటుగా వాడేస్తే ఎస్ఎల్ 0.2 మీ/సె, మందం ఐదు రెట్లు, నిష్పత్తులు 25, 32. కార్లోవిట్జ్ 22 వస్తుంది, డామ్‌కోలర్ 1.3కి పడిపోతుంది. జిమాంట్ లెక్క డామ్‌కోలర్ బాగా పెద్దదిగా ఉన్నప్పటిదే కాబట్టి ఇక్కడ దాన్ని ముట్టుకోకండి.